మగ్గం పైన అట్టలు, మెకట్రానిక్స్ చదువు



పావగడ తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న వై.ఎన్.హొసకోట పట్టుచీరల నేతకు పేరుపొందిన ఊరు. కచేరీలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఇక్కడ ఎన్నో. ఈ ఊళ్ళో జకార్డు మగ్గం ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టలు దండలా గుచ్చి వేలాడుతుంటాయి. నేతగాడు కాలితో చెక్క తొక్కగానే ఒక అట్ట ముందుకు వస్తుంది, కొన్ని పోగులు పైకి లేస్తాయి, నాడె అటునుంచి ఇటు పరుగెత్తుతుంది.

ఇలాంటి ఇళ్ళ నుంచి ఇంజనీరింగు కాలేజీలకు వెళ్తున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఒక ప్రశ్న అడుగుతుంటారు. “మెకానికల్‌లో సీటు వచ్చింది. అందులో మెకట్రానిక్స్ అనే ప్రత్యేక విభాగం ఉందట. తీసుకోవచ్చా? అది మెకానికలా, ఎలక్ట్రానిక్సా?” ఈ ప్రశ్నకు జవాబు ఆ శాస్త్రం పుట్టిన చరిత్రలో ఉంది. ఆ చరిత్ర మొదలయ్యేది మీ ఇంటి మగ్గం దగ్గరే.

పూర్వం చీర మీద పువ్వు నేయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు నేస్తుంటే, రెండోవారు ఏ వరుసకు ఏ పోగులు లేవాలో గుర్తుపెట్టుకుని దారాలు లాగాలి. ఫ్రాన్సులోని లియాన్ నగరంలోనూ అంతే. అక్కడ 1725లో బూషాన్ అనే ఆయన చిల్లుల కాగితంతో ఈ పని చేయించడానికి ప్రయత్నించాడు. తరువాత మరికొందరు ఆ ఉపాయానికి మెరుగులు దిద్దారు. చివరకు 1804 ప్రాంతంలో జోసెఫ్ మారీ జకార్డు దానికి నిలకడైన రూపం ఇచ్చాడు. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దాని కొక్కెం పోగును పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కు నెడుతుంది, పోగు కిందనే ఉండిపోతుంది. ఉంది, లేదు అనే రెండే మాటలతో ఎంతటి కొంగునైనా నేయవచ్చు. నేటి కంప్యూటరు భాష కూడా ఈ రెండు మాటలే. ఇంగ్లండులో చార్లెస్ బాబేజీ తన గణన యంత్రానికి జకార్డు అట్టల పద్ధతినే ఎంచుకున్నాడు. అమెరికాలో హోలరిత్ 1890 జనాభా లెక్కలను చిల్లుల కార్డులతోనే చేయించాడు.

అయితే ఈ అట్టకు ఒక లోపం ఉంది. అది ఆజ్ఞ ఇస్తుంది కాని, ఆ ఆజ్ఞ నెరవేరిందో లేదో తెలుసుకోలేదు. పోగు తెగినా తరువాతి అట్ట వచ్చేస్తుంది. తెగిన పోగును కనిపెట్టేది నేతగాడి కన్ను, వేలి కొస. యంత్రానికి ఆ ఎరుక ఇవ్వడానికి చాలా కాలం పట్టింది. 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో చిల్లుల టేపు మీది అంకెల ప్రకారం లోహాన్ని కోసే యంత్రాన్ని ప్రదర్శించారు. అది కోత పనిముట్టు ఎక్కడిదాకా వచ్చిందో కొలుచుకుంటూ, తప్పితే సరిదిద్దుకుంటూ నడిచేది. 1971లో మైక్రోప్రాసెసరు వచ్చాక అలాంటి తెలివి చిన్న చిన్న యంత్రాలకూ అందింది. 1983లో ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చి, అట్టల దండ లేకుండానే నేత సాగింది.

మెకట్రానిక్స్ అనే మాట పుట్టింది జపానులో. మోటార్లు తయారుచేసే యాస్కావా సంస్థ ఇంజనీరు తెత్సురో మోరి, మెకానిజం, ఎలక్ట్రానిక్స్ అనే రెండు మాటలను కలిపి 1969లో ఈ పేరు పెట్టాడు. మొదట అది ఆ సంస్థ వాణిజ్య చిహ్నం. 1982లో సంస్థ ఆ హక్కు వదులుకోవడంతో అది అందరి మాట అయింది.

మన తెలుగువారిలోనూ దీనికి చక్కని ఉదాహరణ ఉంది. పోచంపల్లి తరహా చీరకు రంగు అద్దకముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ పోయాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి శ్రమించి, 1999లో లక్ష్మి ఆసు యంత్రం తయారుచేశారు. గంటల తరబడి పట్టే పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆరో తరగతితో బడి మానిన మనిషి ఇది సాధించాడంటే కారణం ఒక్కటే. ఏ కదలికలో నొప్పి ఉందో ఆయనకు తెలుసు.

ఇక విద్యార్థులకు నా మాట. మెకట్రానిక్స్ తీసుకోండి, కాని మెకానికల్‌ను నిర్లక్ష్యం చేయకండి. సెన్సరు కన్ను, మైక్రోకంట్రోలరు మెదడు, మోటారు కండ. ఈ మూడూ ఎముకల గూడు మీదే నిలబడాలి. ఆ గూడు యంత్రాల సిద్ధాంతం, పదార్థ బలం, డిజైను. వదులైన ఇరుసును ఏ ప్రోగ్రామూ బిగించలేదు. కాలేజీ ఎంచుకునేటప్పుడు విభాగం పేరు చూసి మురిసిపోకుండా ప్రయోగశాలకు వెళ్ళి చూడండి. అక్కడి పరికరాలను విద్యార్థులు విప్పి బిగిస్తున్నారా, లేక అవి అద్దాల బీరువాలో ఉన్నాయా అని అడగండి.

తల్లిదండ్రులకు వేరే భయం ఉంటుంది. ఈ చదువు చివరకు మన మగ్గాన్నే మింగదా అని. ఆ భయం ఉత్తది కాదు. జకార్డు వచ్చినప్పుడు దారాలు లాగేవారి పని పోయింది. లియాన్‌లో నేతపనివారు ఎదురుతిరిగారు కూడా. మన దేశంలో 1985లో చేసిన చట్టం కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించింది కాని, చట్టం ఒక్కటే మగ్గాన్ని నిలపలేదు. జకార్డు బరువును రోజంతా కాలితో తొక్కి మోకాళ్ళు అరిగిన తండ్రికి ఆ బరువెత్తే చిన్న మోటారు కావాలి. నాడెను కూడా మోటారే విసిరితే అది మరమగ్గమే అవుతుంది. ఎక్కడ మోటారు పెట్టాలి, ఎక్కడ చేతిని వదిలేయాలి అన్న గీత గీయడానికి పుస్తకం చదివినవాడు చాలడు, మగ్గం తెలిసినవాడూ చాలడు. రెండూ తెలిసినవాడు కావాలి. హొసకోట మగ్గాల మధ్య పెరిగి ఇంజనీరింగుకు వెళ్తున్న పిల్లలకు ఆ అర్హతలో సగం ఇంట్లోనే వచ్చింది. మిగిలిన సగం కాలేజీలో సంపాదించుకోవాలి.

ఈసారి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నాన్నగారి పక్కన ఒక పూట కూర్చుని, ఏ అట్టకు ఏ పోగు లేస్తుందో అడిగి తెలుసుకోండి. సెలవు.