కరుణాపీఠం: ప్రాయశ్చిత్త, విమోచన పదాల కలయిక

హీబ్రూ గ్రంథాల్లో ప్రాయశ్చిత్తం, విమోచన వేర్వేరు రంగాల మాటలు. లేవీయకాండం 16వ అధ్యాయంలోని ‘కిప్పేర్’ క్రతువుకు చెందింది. ఏడాదికొకసారి ప్రధానయాజకుడు అతిపరిశుద్ధస్థలంలో, మందసంపై మూత అయిన ‘కప్పోరెత్’ ఎదుట రక్తం ప్రోక్షిస్తాడు. 25వ అధ్యాయంలోని ‘గోఎల్’ కుటుంబధర్మానికి చెందినవాడు. పేదరికంలో అమ్ముడుపోయిన భూమిని, దాస్యంలో పడ్డ మనిషిని వెల చెల్లించి విడిపించే దగ్గరి జ్ఞాతి అతడు.

సా.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చిన తర్వాత రబ్బీల సంప్రదాయం ప్రాయశ్చిత్తభారాన్ని పశ్చాత్తాపం, ప్రార్థన, దానధర్మాలపై మోపింది; సంపూర్ణవిమోచనను రాబోయే మెస్సీయా కాలానికి వదిలింది. యేసే మెస్సీయా అని నమ్మినవారు మాత్రం రెండింటినీ ఒకే వ్యక్తిలో చూశారు. ఆలయపతనమే ఈ ఆలోచనకు మూలమనడం సరికాదు. అంతకుముందే పౌలు రోమీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో విమోచన పక్కనే ‘హిలాస్తేరియోన్’ అనే గ్రీకుపదం ఉంది. సెప్టువజింతులో కప్పోరెత్‌కు అనువాదం అదే. క్రతుస్థలం వ్యక్తిగా మారింది.

తెలుగు బైబిలులో కిప్పేర్ ‘ప్రాయశ్చిత్తము’, కప్పోరెత్ ‘కరుణాపీఠము’. ధాతుబంధం ఇక్కడ తెగింది. పైగా యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయంలో వ్రతభారం ప్రధానంగా పాపం చేసినవాడిదే. లేవీయకాండంలో ప్రజల పక్షాన క్రతువు జరిపేది యాజకుడు. ఈ అర్థభేదాన్ని అనువాదపదం చెప్పలేదు. అయితే రోమీయపత్రికలో ‘కరుణాధారము’ అనడంతో తెగిన బంధం మరోచోట ముడిపడింది. మత్తయి 20వ అధ్యాయంలోని ‘విమోచన క్రయధనము’లో గోఎల్ చెల్లించిన వెల ఇంకా వినిపిస్తుంది.