డూప్లికేట్ క్లెయిముల తిరస్కరణ

అమెరికా సంయుక్త రాష్ట్రముల వైద్య బీమా వ్యవస్థయందు, ఒకే రోగికి ఒకే వైద్యుడు ఒకే దినమున చేసిన ఒకే సేవకు రెండవమారు సొమ్ము కోరుచు వచ్చిన క్లెయిమును, మొదటిదానికి నకలని యెంచి బీమా సంస్థ త్రోసిపుచ్చుటకు డూప్లికేట్ తిరస్కరణ అని పేరు. చెల్లింపు వివరములు దెలుపు 835 ఎలక్ట్రానిక్ పత్రమునందు ఇది 18వ కారణసంకేతముతోడను, సామాన్యముగా ‘ఓఏ’ అను వర్గసంకేతముతోడను గానవచ్చును. రోగి భరింపవలసిన భాగమునకు ‘పీఆర్’ అను వేఱొక వర్గము గలదు గాన, ఈ తిరస్కరణను జూపి రోగికి బిల్లు పంపుట న్యాయము గాదు.

తెఱగులు: 1965లో చట్టబద్ధమైన మెడికేర్ అను ప్రభుత్వ వైద్య బీమా పథకము ఇట్టి క్లెయిములను రెండు తెగలుగా విభజించును. రోగి సంఖ్య, వైద్యుని సంఖ్య, సేవాతేదీలు, స్థలము, ప్రక్రియా కోడు, బిల్లు మొత్తము మొదలగునవన్నియు సరిపోలినది అచ్చమైన నకలు. కొన్ని సరిపోలి కొన్ని భిన్నించినది అనుమానాస్పదమైన నకలు. మొదటి తెగకు అప్పీలు హక్కు లేదు, రెండవదానికి గలదు.

కారణములు: వీనిలో తొందరపాటే ప్రధానము. లోపరహితమైన ఎలక్ట్రానిక్ క్లెయిమునకైనను మెడికేర్ 14వ దినమునకు ముందు సొమ్ము విడుదల చేయదు. ఆ నడుమ జవాబు రాలేదని బిల్లును మరల పంపినచో అది నకలుగా తిరిగివచ్చును. వచ్చిన చెల్లింపును ఖాతాలో పోస్టు చేయకుండుట, సవరించిన క్లెయిమును క్రొత్తదానివలె పంపుట, మెడికేర్ తానే ద్వితీయ బీమా సంస్థకు పంపిన క్లెయిమును వైద్యుని ఆఫీసువారును వేఱుగా పంపుట తక్కిన కారణములు. ఒక్కొక్కప్పుడు సేవలు నిజముగనే రెండై యుండును. ఉదయము ఊపిరాడని రోగికి ఛాతీ ఎక్స్‌రే తీసి, శ్వాసనాళిక యమర్చిన పిమ్మట మధ్యాహ్నము మరల తీసినచో, రెండింటికిని 71045 కోడే వర్తించును. సేవ మరల జరిగెనని కోడునకు జేర్చి తెలుపు మోడిఫయరు లేనియెడల రెండవది నకలుగా కనబడును.

పరిష్కారము: మొట్టమొదట చేయవలసినది తొలి క్లెయిము గతి నెఱుగుట. బీమా సంస్థ పోర్టలు ద్వారా గాని, 276 విచారణ పత్రము ద్వారా గాని, ఫోనుమీద గాని దానిని దెలిసికొనవచ్చును. సొమ్ము చెల్లియుండిన ఖాతాలో పోస్టు చేయవలెను. వేఱు కారణమున తిరస్కరింపబడియుండిన ఆ కారణమునే చక్కబఱుపవలెను. సవరణ యవసరమైనచో, దానిని స్వీకరించు ప్రైవేటు బీమా సంస్థలకు సీఎంఎస్-1500 ఫారము 22వ గడిలో 7 అను ఫ్రీక్వెన్సీ కోడును, తొలి క్లెయిము సంఖ్యను వ్రాసి పంపవలెను. రద్దునకు 8 వాడుదురు. అదే వైద్యుడు పునరావృతము చేసిన ప్రక్రియకు 76, వేఱొక వైద్యుడు చేసినదానికి 77, మరల చేసిన ల్యాబు పరీక్షకు 91 మోడిఫయర్లు గలవు. వానికి రోగి రికార్డు సాక్ష్య మీయవలెను.

గడువులు: మెడికేరునకు సేవాదినమునుండి ఒక సంవత్సరములోగా క్లెయిము అందవలెను, నిర్ణయపత్రము అందిన 120 దినములలోగా తొలి అప్పీలు చేయవలెను. నకలుపై వచ్చిన తిరస్కరణము తొలి నిర్ణయపు గడువును పొడిగింపదు గాన, వృథాగా మరల పంపినకొలది కాలము కరగి, న్యాయముగ రావలసిన సొమ్మును గోలుపోవు ప్రమాదము గలదు.

హైదరాబాదు బిల్లింగు కార్యాలయములయందు రాత్రులు మేల్కొని అమెరికా బీమా సంస్థలకు ఫోనుచేయు ఏఆర్ కాలర్లైన తెలుగు యువతీయువకులకు ఈ తిరస్కరణము నిత్యపరిచితము. తొలి క్లెయిము గతి దెలియక రెండవదానిని పంపరాదనుట వారు ఎన్నడును విడువరాని నియమము.