రాతి లోపలి కాపురస్తులు

రాయపూర్‌లోని దేవేంద్ర నగర్ కింద చమురు లేదు. ఆ ఊరి అడుగున పరుచుకుని ఉన్నది ఛత్తీస్‌గఢ్ బేసిన్ సున్నపురాయి, వయసు దాదాపు వంద కోట్ల ఏళ్లు. ఆ రాతిని కొన్నిచోట్ల నిలువుగా కోసి చూస్తే, ఉల్లిపాయను సగానికి కోసినట్టు, పైకి ఉబ్బిన సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. వీటిని స్ట్రొమటొలైట్లు అంటారు. లోతులేని సముద్రంలో జిగురు చాపల్లా పరుచుకున్న సూక్ష్మజీవులు ఒండ్రు రేణువుల్ని పట్టి ఉంచుతూ, సున్నం పేరుకునేలా చేస్తూ పొరపొరగా కట్టినవి ఇవి. రాయి వేరు, ప్రాణం వేరు అనే మన లెక్క ఈ పొరల ముందు నిలవదు. ఆ లెక్కనే నమ్మి చమురు తవ్వే వృత్తి కూడా చాలా కాలాన్ని పోగొట్టుకుంది. బావుల్లో మిగిలిపోయిన చమురును సూక్ష్మజీవులతో పైకి తెప్పించాలన్న ఆలోచనకు ఇప్పటికి దాదాపు నూరేళ్లు. ఆ నూరేళ్లనూ వరసగా చూస్తే నాకు తేలింది ఒక్కటే. రాతిలో ముందునుంచీ కాపురమున్న జీవుల్ని గుర్తించి తిండి పెట్టిన చోట పని నిలకడగా సాగింది. బయటి జీవుల్ని సీసాలో తెచ్చి మందు పోసినట్టు పోసిన చోట తడబడింది.

అసలు చమురు ఎందుకు మిగులుతుంది? భూమి లోపల అది చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాతి రేణువుల మధ్య, వెంట్రుక కంటే సన్నని సందుల్లో నీటితో కలిసి ఇరుక్కుని ఉంటుంది. మొదట లోపలి ఒత్తిడికి అదే పైకి తన్నుకొస్తుంది. ఒత్తిడి తగ్గాక పక్క బావిలోంచి నీళ్లు పంపి నెడతారు. కొన్నాళ్లకు ఆ నీళ్లు తేలికైన దారులు వెతుక్కుని, చమురును తప్పించుకుని నేరుగా ఇవతలి బావిలో తేలతాయి. ప్రపంచం మొత్తం మీద సగటు చూస్తే ఉన్నదాంట్లో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే బయటికొస్తుంది. తలంటు పోసుకున్నవాళ్లకు దీని కిటుకు తెలుసు. ఎన్ని చెంబుల నీళ్లు గుమ్మరించినా నూనె వదలదు, కుంకుడు రసం పడగానే జారిపోతుంది. కొన్ని బ్యాక్టీరియా తమ అవసరం కోసం అచ్చం కుంకుడు నురగలాంటి పదార్థాన్నే తయారుచేసుకుంటాయి. మరికొన్ని వదిలే ఆమ్లం సున్నపురాతిని కరిగించి సందుల్ని వెడల్పు చేస్తుంది. కొన్ని వాయువుల్ని పుట్టించి ఒత్తిడి పెంచుతాయి. ఇంకొన్ని గుంపుగా పెరిగి, నీళ్లు వృథాగా పరుగెత్తే పెద్ద దారుల్ని మూసేస్తాయి. అప్పుడు ఆ నీరు చమురున్న సందుల వైపు మళ్లక తప్పదు. నా లెక్కలో అన్నిటికన్నా విలువైన పని ఈ చివరిదే, ఎందుకంటే దానికి ప్రత్యేకమైన జీవి అక్కర్లేదు, అక్కడ ఏదో ఒకటి పెరిగితే చాలు.

ఈ కథలో రెండు దారులూ 1926లోనే మొదలవడం నాకు ముఖ్యంగా తోస్తుంది. ఆ ఏడాది బెక్‌మన్ అనే అమెరికన్ బ్యాక్టీరియాతో చమురును విడిపించవచ్చని రాశాడు. అదే ఏడాది షికాగో విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రవేత్త ఎడ్సన్ బాస్టిన్ చమురు బావుల నీటిలో సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియా బతికే ఉన్నాయని చూపించాడు. మొదటివాడిది ‘పోయండి’ అనే మాట, రెండోవాడిది ‘ఇప్పటికే ఉన్నాయి’ అనే మాట. వృత్తి చెవికెక్కింది మొదటిది. బాస్టిన్ చూసిన జీవులు డ్రిల్లింగ్ బురదతో పైనుంచి దిగినవేనేమో అన్న అనుమానం చాలా ఏళ్లు వదల్లేదు. ఆ అనుమానం అన్యాయమైనదని అనలేం, బావి తవ్వడమంటేనే లోపలికి పై మురికిని దించడం. 1940లలో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో క్లాడ్ జోబెల్ అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ అండతో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, బ్యాక్టీరియా చమురును ఏయే విధాలుగా విడిపిస్తుందో మొదటిసారి పద్ధతిగా చెప్పాడు. 1946లో పేటెంటూ తీసుకున్నాడు. ఆయన నమ్ముకున్నవి సల్ఫేట్‌ను మార్చే జీవులు. కానీ అవి పుట్టించే వాయువు విషం, పైగా ఉక్కు గొట్టాల్ని తినేస్తుంది. కంపెనీలు వెనకాడటానికి ఆ ఒక్క కారణం చాలు.

1954లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిస్బన్ క్షేత్రంలో బ్యాక్టీరియానూ, వాటికి తిండిగా మొలాసిస్‌నూ బావిలోకి దించారు. మన చక్కెర మిల్లుల్లో చెరకు నుంచి మిగిలేలాంటిదే, అక్కడ బీట్‌రూట్ జాతి దుంపది. దించిన జీవి క్లాస్ట్రిడియం అసిటోబ్యూటిలికం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు మందుగుండుకు కావలసిన అసిటోన్ చేసిపెట్టడానికి ఛైమ్ వైజ్‌మన్ వాడింది దీన్నే. ఉత్పత్తి పెరిగింది. అయితే ఆ ఫలితాలు వివరంగా అచ్చయింది 1983లో, దాదాపు ముప్ఫై ఏళ్లకు. కళ్లముందు జరిగిన ప్రయోగం లెక్క ఒక తరం పాటు మిగతావాళ్లకు అందలేదంటే, ఈ విద్య ఎందుకు ఎదగలేదో వేరే వెతకనక్కర్లేదు. 1973 చమురు సంక్షోభంతో ఆసక్తి ఎగసింది, 1986లో ధర కూలగానే చప్పబడింది.

రెండో దారి పట్టినవాళ్లు సోవియట్ శాస్త్రవేత్తలు. తాతర్‌స్తాన్‌లో ఇవనోవ్, బెల్యాయెవ్ బృందం బ్యాక్టీరియాను పోయలేదు. గాలి కలిపిన నీటిలో కాస్త నత్రజని, భాస్వరం లవణాలు వేసి పంపింది. రైతు పొలానికి ఎరువు వేసినట్టే. ఆక్సిజన్ అందిన జీవులు చమురులో కొంత తిని ఆమ్లాలు వదిలాయి, ఇంకా లోపల గాలి అక్కర్లేని జీవులు వాటిని మీథేన్‌గా మార్చాయి. 1990లలో అమెరికాలోని అలబామాలో నార్త్ బ్లోహార్న్ క్రీక్ క్షేత్రంలో, మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ బ్రౌన్ నైట్రేట్, ఫాస్ఫేట్ లవణాలతో అక్కడి జీవుల్నే పెంచి నీటి దారుల్ని మళ్లించాడు. నైట్రేట్‌తో ఇంకో మేలుంది. దాన్ని వాడుకునే జీవులు పైచేయి అయితే, జోబెల్‌ను ఇరకాటంలో పెట్టిన సల్ఫైడ్ కూడా తగ్గుతుంది.

నా వాదనకు గట్టి అడ్డంకి వేడి. సుమారు 80 డిగ్రీలు దాటిన పొరల్లో చమురును తినే జీవులు బతకవనీ, పాలు కాచినట్టు ఆ రాయి ఎప్పుడో శుద్ధి అయిపోయి ఉంటుందనీ 2001లో పరిశోధకులు చూపారు. కెనడాలో ఆల్బర్టా ఇసుకల్లోని చమురు తారులా చిక్కబడిందంటే, చల్లని పొరల్లో జీవులు తేలికైన భాగాన్ని తినేయడం వల్లే. వేడి పొరల్లో కాపురస్తులే లేకపోతే తిండి ఎవరికి పెట్టాలి? మన దేశంలో ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాలేదు. గుజరాత్ క్షేత్రాల్లో వేడి ఎక్కువ. ఢిల్లీలోని ఇంధన పరిశోధన సంస్థ టెరీ, ప్రభుత్వ చమురు కంపెనీ ఓఎన్‌జీసీకి అహ్మదాబాద్‌లో ఉన్న రిజర్వాయర్ (చమురు పొరల) అధ్యయన సంస్థ కలిసి 90 డిగ్రీల దగ్గరా పనిచేసే బ్యాక్టీరియా గుంపును తయారుచేశాయి. 2007లో ఓఎన్‌జీసీ, టెరీ కలిసి దీనికోసం ఒక కంపెనీ కూడా పెట్టాయి. పద్ధతి చూడ్డానికి సులువు. జీవుల్నీ తిండినీ ఒకే బావిలోకి దించి, కొన్ని వారాలు మూత బిగించి, మళ్లీ అదే బావిని తెరుస్తారు. ఇది బయటినుంచి పోయడమే కదా అంటే, నిజమే. కానీ ఆ జీవుల్ని ఏరింది చమురు క్షేత్రాల నీటిలోంచే. వేడి రాతికి వేడికి అలవాటైనవాళ్లనే పంపారు. అందుకని నా వాదనను ఇంతవరకు సవరించుకుంటాను: జీవి సొంత ఊరిది కాకపోయినా సొంత వాతావరణానిది కావాలి.

రెండో అభ్యంతరం లెక్కలది. పెరిగిన బ్యారెళ్లు సూక్ష్మజీవుల వల్లా, బావిని కొన్నాళ్లు ఆపి కడిగి తెరవడం వల్లా? ఒక్క బావి మీద చేసిన చాలా ప్రయోగాలు దీనికి జవాబివ్వలేవు, ఇది ఒప్పుకోవాలి. ముట్టుకోని పక్క బావులతో పోల్చిన చోటే ఫలితాన్ని నమ్మాలి. అలబామాలో చేసింది అదే.

ఇక మూడోది, వాతావరణం ఇలా వేడెక్కుతుంటే ఇంకా చమురు తియ్యడమేమిటి అన్నది. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయను. కాకపోతే కోనసీమవాళ్లకు కొత్త బావి అంటే ఏమిటో తెలుసు. 1995 జనవరి 8న పాసర్లపూడి దగ్గర బావి పేలి 65 రోజులు మండింది. చమురు వాడకం ఉన్నన్నాళ్లూ, కొబ్బరి తోటల మధ్య మరో రిగ్గు నిలబెట్టే ముందు, తవ్వేసిన బావుల్లో మిగిలినది తీయగలమా అని చూడటం న్యాయం. కోనసీమ ఉన్న కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో గ్యాస్ ఎక్కువ, లోతు పొరల్లో వేడీ ఎక్కువ, కాబట్టి ప్రతి బావికీ ఇది పనికిరాదు. అయినా ఇక్కడి సూక్ష్మజీవుల్ని చదవడం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు నేల మట్టిని తెచ్చి, అందులో ప్రొపేన్, బ్యూటేన్ తినే బ్యాక్టీరియాను లెక్కపెట్టి, అడుగున చమురు, గ్యాస్ ఉన్న జాడ పట్టే పని చేశారు. పైమట్టిలో చేసిన ఆ లెక్కింపును, చమురుతో పాటు పైకొచ్చి వేరుచేసి పారబోసే బావి నీటి మీద కూడా చేయొచ్చు. అందులో ఎవరున్నారో, ఎంత వేడికి తట్టుకుంటారో తేలాకే ఏ తిండి దించాలన్న మాట మొదలుపెట్టాలి.