గేటు బయట పెరిగిన కొలువులు

1948లో హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాకు తరలివచ్చేనాటికి దేశంలో కారు విడిభాగాలు చేసిపెట్టేవాళ్లు పెద్దగా లేరు. అందుకే ఇనుము పోత పోయడం నుంచి రంగు వేయడం దాకా చాలా పనులు ఒకే ప్రహరీలో సాగేవి. వేల కుటుంబాలు ఆ గేటునే నమ్ముకున్నాయి. కానీ ఎన్ని కార్లు చేయాలో లైసెన్సులే తేల్చే రోజులవి, కొలువులు పెరిగే దారి లేదు.

1983 డిసెంబరులో గుర్గావ్‌లో తొలి మారుతి 800 బయటికొచ్చింది. మేనేజరుకూ కార్మికుడికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్. విడిభాగాల పనిని మారుతి చుట్టుపక్కల కంపెనీలకు పంచింది, కొన్నిట్లో తానే వాటా పెట్టింది. ఉపాధి బాగా పెరిగింది. అయితే పెరిగిందంతా ఎక్కువగా గేటు బయటే. అక్కడ జీతమూ తక్కువే, భరోసా కూడా తక్కువే.

1993లో కార్లకు లైసెన్సు ఎత్తేశాక హ్యుందాయ్, ఫోర్డ్ చెన్నై బాట పట్టాయి. ఈలోగా కాంట్రాక్టు పద్ధతి గేటు లోపలికీ వచ్చేసింది. ఒకే లైను మీద ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు పర్మనెంటు, ఇంకొకరు కాంట్రాక్టు. జీతాల్లో ఎంతో తేడా. ఆ తేడా రేపిన కోపం పేరుకుపోయిన మారుతి మానేసర్ ప్లాంటులో 2012 జులై 18న జరిగిన ఘర్షణలో ఒక అధికారి ప్రాణం పోయింది. 546 మంది పర్మనెంటు కార్మికుల ఉద్యోగాలు ఊడాయి. మన కార్ల చరిత్రలో అంతటి విషాదం మరొకటి లేదనుకుంటాను.

వేరుశనగ చేతికి రాక జనం బెంగళూరుకు వలసపోయే అనంతపురం సీమకు 2017లో కియా వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏటా 3 లక్షల కార్లు చేయగల ప్లాంటు అది. వెంట కొరియా విడిభాగాల కంపెనీలూ దిగాయి. ఇలాంటి ప్లాంట్లలో బాడీ షాపులో వెల్డింగ్ చేసేవి రోబోలే. మనుషులు ఎక్కువగా ఉండేది అసెంబ్లీ లైనులో: వైర్ల కట్టను డోర్లోకి దూర్చడం, రబ్బరు పట్టీని వేళ్లతో నొక్కుతూ అంచంతా కూర్చడం. వంగే, జారే వస్తువుతో యంత్రానికి ఇప్పటికీ తంటాయే.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. అది మంచి పనే. ఆ ఉద్యోగం పర్మనెంటుదే కావాలన్న షరతు మాత్రం అందులో లేదు. మానేసర్ ఘర్షణ జరిగి అప్పటికి ఏడేళ్లే.