స్వయంచోదితం: ఒక పేరు కథ

1898లో కేంబ్రిడ్జి శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ న్యూపోర్ట్ లాంగ్లీకి ఒక పేరు కావలసి వచ్చింది. గుండెను, రక్తనాళాలను, పేగులను, చెమట గ్రంథులను మన ఇచ్ఛతో నిమిత్తం లేకుండా నడిపే నాడులన్నిటికీ కలిపి ఒకే మాట. దాన్ని సూచించినవాడు వైద్యుడు కాడు. సోఫొక్లీస్ నాటకాల పరిష్కర్తగా పేరుపొందిన గ్రీకు ఆచార్యుడు రిచర్డ్ జెబ్. ‘అటానమిక్’ అంటే తన శాసనం తనదే అయినది. ‘ఆంటిగొనీ’ నాటకంలో మృత్యువు వైపు నడిచే నాయికను కోరస్ ఈ విశేషణంతోనే వర్ణిస్తుంది. మన పాఠ్యపుస్తకాలు ‘స్వయంచోదిత నాడీవ్యవస్థ’ అన్నాయి. అందమైన అనువాదమే, కాని గ్రీకు మాట కన్నా ఒక అడుగు ముందుకే వేసింది.

ఈ పేరు ఉన్నదానికి మించిన స్వాతంత్ర్యాన్ని స్ఫురింపజేస్తుందని లాంగ్లీయే రాశాడు. అయినా పేరు నిలిచింది, హెచ్చరిక మరుగున పడింది.

లాంగ్లీ 1921లో ప్రచురించిన చిన్న పుస్తకాన్నీ, వాల్టర్ గాస్కెల్ మరణానంతరం 1916లో వెలువడిన ‘ది ఇన్‌వాలంటరీ నెర్వస్ సిస్టమ్’నూ పక్కపక్కన పెట్టుకుని చదవడం మంచి అనుభవం. లాంగ్లీ వాక్యం పొడిపొడిగా ఉంటుంది, రుజువు లేని మాట ఒక్కటీ దొర్లనివ్వడు. గాస్కెల్ కథకుడు. గాంగ్లియన్లలోని కణాలు ఒకప్పుడు వెన్నుపాములోనివేననీ, క్రమంగా బయటికి వలసపోయాయనీ అతని వాదన. ఆ లెక్కన వెన్నుపాములో మిగిలిన కణం కేవలం మధ్యవర్తి, ఒకరి మాట మరొకరికి చేరవేసేది. వివరాల్లో లాంగ్లీ గెలిచాడు కాని, ఈ ఒక్క చూపులో నాకు గాస్కెలే నచ్చుతాడు. మధ్యవర్తి అనగానే, వాడికి మాట చెప్పేదెవరన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది.

లాంగ్లీ ఆ ప్రశ్న జోలికి పోలేదు, పోయే సాధనం అప్పటికి లేదు. 1889లో డికిన్సన్‌తో కలిసి మెడలోని గాంగ్లియన్‌పై నికొటిన్ పూశాడు. గాంగ్లియన్‌కు ముందున్న నాడిని ప్రేరేపిస్తే కనుపాప విప్పారలేదు, దాటిన తరువాతి నాడిని ప్రేరేపిస్తే విప్పారింది. మార్గమధ్యంలో ఒక మజిలీ ఉందని తేలింది. ఆ మజిలీకి నాడులను పంపే కణాల వరుసను వెన్నుపాము బూడిదరంగు పదార్థపు పక్క అంచున లండన్ వైద్యుడు లాక్‌హార్ట్ క్లార్క్ 1851లోనే వర్ణించాడు. కాని ఆ కణాల మీద వాలే తంతువులు కంటికి కనబడడానికి వందేళ్ళకు పైగా పట్టింది. 1960లలో స్వీడన్‌లో డాల్‌స్ట్రోమ్, ఫుక్సె మెదడు కాండం నుంచి దిగివచ్చే తంతువులను ఫ్లోరెసెన్స్‌తో వెలిగించి చూపారు. తరువాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఎలుక వెన్నుపామును పరిశీలిస్తే, ఈ కణాలపై ఉన్న సినాప్సుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఉత్తేజపరిచే గ్లుటమేట్‌వి, మిగిలినవి ప్రధానంగా అణచివేసే గాబావి. మెడుల్లా నుంచి, హైపోథాలమస్ నుంచి, పక్కనే ఉన్న వెన్నుపాము కణాల నుంచి ఆజ్ఞలు వస్తూనే ఉంటాయి.

పైనుంచి వచ్చే ఆజ్ఞల విలువ అవి తెగినప్పుడే బయటపడింది. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్ను విరిగిన సైనికులను పరీక్షించి హెడ్, రిడాక్ 1917లో రాసిన వ్యాసంలో మూత్రాశయం నిండితే చెమటలు కారిపోయే రోగులున్నారు. 1947లో గుట్‌మన్, విట్టరిడ్జ్ అదే స్థితిలో రక్తపోటు ఎంత ఉధృతంగా లేస్తుందో కొలిచి చూపారు. గాయం ఛాతీ భాగంలో 6వ ఖండానికి పైనుంటే మెదడు పంపే అదుపు కిందికి దిగదు. స్థానిక సినాప్సులు మాత్రం మిగులుతాయి. ఎలుకల్లోనైతే కొన్ని వారాల్లో శరీరం నుంచి వార్తలు తెచ్చే తంతువులు వెన్నుపాములో కొత్త కొమ్మలు కూడా వేస్తాయి. నిండిన మూత్రాశయపు కబురు ఆ కణాలను రెచ్చగొడుతుంది, పొట్టలోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. వెన్నుపాముతో పనిలేని వేగస్ నాడి ద్వారా మెదడు గుండెను నెమ్మదింపజేయగలదు, అంతకు మించి దాని చేతిలో ఏమీ లేదు.

అందుకే మెడ విరిగిన రోగి తల పగిలిపోతోందని అంటే, ముఖం ఎర్రబడి, నాడి నెమ్మదించి, రక్తపోటు 200 దాటితే, మాత్రల కోసం పరుగెత్తే ముందు అతన్ని లేపి కూర్చోబెట్టాలి, బిగుతైన బట్టలు వదులు చేయాలి, కాథెటర్ గొట్టం ఎక్కడైనా మెలిపడిందేమో చూడాలి. చాలాసార్లు మెలిక విప్పగానే కొద్ది నిమిషాల్లో రక్తపోటు దిగివస్తుంది.