టొమ్‌టె, నిస్సె: స్కాండినేవియా క్రిస్మస్ మరుగుజ్జులు

కళ్ల మీదికి జారిన పొడవాటి ఎర్రటోపీ, దాని కింద గుండ్రటి ముక్కు, ఒళ్లంతా కప్పేసే తెల్లగడ్డం. క్రిస్మస్ రోజుల్లో అలంకరణకు పెట్టే ఈ బొమ్మకు మూలం నార్డిక్ పల్లెల జానపద విశ్వాసాల్లోని ఇంటి కాపరి. ఇతన్ని స్వీడన్‌లో టొమ్‌టె అనీ, నార్వే, డెన్మార్క్‌లలో నిస్సె అనీ, ఫిన్లాండ్‌లో టొంట్టు అనీ పిలుస్తారు. తోటల్లో పెట్టే మట్టి మరుగుజ్జు బొమ్మలది వేరే దారి. అవి జర్మనీలో ప్రచారంలోకి వచ్చాయి.

పాత కథల్లోని టొమ్‌టె ముద్దొచ్చే బొమ్మ కాడు. చిన్నపిల్లవాడంత ఎత్తు, ముసలి ముఖం, బూడిదరంగు రైతుబట్టలు. పశువుల కొట్టంలోనో అటక మీదో ఉంటూ, ఇంటిల్లిపాదీ నిద్రపోయాక గుర్రాలకు మేత వేసేవాడు. ఆ భూమిని మొట్టమొదట సాగులోకి తెచ్చిన రైతు ఆత్మే ఇతడని కొన్నిచోట్ల నమ్మేవారు. పశువుల్ని సరిగా చూడని పాలేరుకు దెబ్బలు తప్పేవి కావు. టొమ్‌టె కష్టానికి ప్రతిఫలంగా క్రిస్మస్ ముందురాత్రి గిన్నెడు జావ పెట్టేవారు, పైన వెన్న వేసి. ఆ వెన్న గురించి చాలా ప్రాంతాల్లో ఒక కథ చెబుతారు. జావ మీద వెన్న కనిపించలేదని నిస్సె కోపంతో ఆ ఇంటి ఆవును చంపేస్తాడు. తీరా తింటే వెన్న గిన్నె అడుగున ఉంటుంది. పశ్చాత్తాపపడి, పొరుగూరి నుంచి అలాంటి ఆవునే తోలుకొచ్చి కట్టేస్తాడు. ఈ నమ్మకం సారమంతా ఈ కథలోనే ఉంది: పనిచేసినవాడికి దక్కాల్సింది దక్కాలి.

చర్చికి ఇది నచ్చలేదు. 14వ శతాబ్దపు స్వీడిష్ సాధ్వి బిర్గిట్టా దివ్యదర్శనాల గ్రంథం ఇలాంటి ఇంటి దేవతలను కొలవడాన్ని తప్పుపట్టింది. అయినా నమ్మకం పోలేదు.

ఇప్పటి రూపం చాలావరకు 19వ శతాబ్దపు చిత్రకారుల చలవ. 1881లో విక్టర్ రీడ్‌బెర్గ్ రాసిన ‘టొమ్‌టెన్’ కవితలో, గడ్డకట్టే చలిరాత్రి ఇంటి కాపరి ఒంటరిగా తిరుగుతూ మనుషుల రాకపోకల గురించి ఆలోచిస్తాడు. దానికి బొమ్మలు వేసిన జెన్నీ నీస్ట్రోమ్, తర్వాత దశాబ్దాలపాటు క్రిస్మస్ కార్డుల మీద ఇతన్ని ఎర్రటోపీతో, నవ్వుముఖంతో గీసింది. ఆమె కార్డుల ద్వారానే ఈ రూపం ఇంటింటికీ చేరింది. అంతకుముందు స్వీడన్‌లో కానుకలు తెచ్చేది క్రిస్మస్ మేక. మేక వేషం కట్టినవాళ్లు వాటిని పంచేవారు. ఆ పని క్రమంగా టొమ్‌టెకు వచ్చింది. సాంటాక్లాజ్ పోలికలూ కలిశాయి.

నార్వేలో ఎర్రటోపీకి మరో గౌరవం దక్కింది. జర్మన్ ఆక్రమణ కాలంలో జనం దాన్ని ప్రతిఘటనకు గుర్తుగా ధరించడంతో, 1942లో అధికారులు నిషేధించారు.

కళ్లు కనిపించని, ఊలుగుడ్డతో కుట్టిన మెత్తటి బొమ్మ ఇటీవలిది. 2010ల తర్వాత అమెరికా, బ్రిటన్ మార్కెట్లలో బాగా వ్యాపించింది. బ్రిటన్‌లో దీన్ని గాంక్ అంటారు. చాలా బొమ్మలకు చేతులు ఉండవు. రాత్రంతా కొట్టంలో చాకిరీ చేసినవాడి బొమ్మకు చేతులే లేకపోవడం పెద్ద లోటు. నార్వే, డెన్మార్క్‌లలో కొన్ని కుటుంబాలు మాత్రం ఇప్పటికీ క్రిస్మస్‌కు నిస్సె కోసం జావ గిన్నె పెడతాయి, వెన్న పైకి కనిపించేలా.