18 గ్రాముల నీరు

ఇచ్చిన భారాన్ని అణుభారంతో భాగిస్తే మోల్‌ల సంఖ్య వస్తుంది. హైస్కూల్లో మన సైన్సు మాస్టారు నేర్పిన ఈ ఒక్క భాగహారం నాకు ఇప్పటికీ అన్నం పెడుతోంది. బొగ్గు మండినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడును సున్నపురాయితో పట్టే ప్లాంట్లు నా పని. 64 కిలోల ఆ వాయువుకు 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కావాలి. భారాలు వేరైనా మోల్‌లు సమానం కదా! అయితే ఆ 64, 100 అనే అంకెల మీద లోకం ఒప్పుకోవడానికి యాభై ఏళ్లు పట్టిందని చాలామందికి తెలియదు.

నీటినే తీసుకుందాం. డాల్టన్ దృష్టిలో నీటి అణువంటే ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువు, అంతే. ఆ లెక్కన ఆక్సిజన్ పరమాణు భారం 8, నీటి అణుభారం 9. మనం ఒక మోల్ అని మార్కులు తెచ్చుకున్న 18 గ్రాముల నీరు అప్పుడు రెండు మోల్‌లు అవుతుంది! (మోల్ అనే మాట అప్పటికి లేదనుకోండి.) తూకంలో తప్పు లేదు, తప్పంతా ఫార్ములాలో ఉంది.

ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సమాన ఘనపరిమాణాల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని 1811లోనే అవగాడ్రో చెప్పాడు. హైడ్రోజన్, ఆక్సిజన్ అణువులు రెండుగా చీలగలవనీ అన్నాడు. ఒకే రకం పరమాణువులు జతకట్టడమేమిటని పెద్దలు పట్టించుకోలేదు. ఆయన 1856లో కన్నుమూశాడు. 1861లో కెకూలే తన పుస్తకంలో ఎసిటిక్ ఆమ్లానికి వాడుకలో ఉన్న ఫార్ములాలు 19 అచ్చువేశాడంటే గందరగోళం ఊహించుకోవచ్చు.

దీన్ని తేల్చింది ఒక మాస్టారి పాఠం నోట్సు. సిసిలీ తిరుగుబాటులో పాల్గొని ఫ్రాన్సుకు పారిపోయిన కానిజారో, తర్వాత జెనోవా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. తన విద్యార్థులకు చెప్పే క్రమాన్నే 1858లో చిన్న పుస్తకంగా వేశాడు. పద్ధతి తేలిక. ఒక మూలకం ఉన్న వాయువులన్నిటినీ తీసుకుని, ఒక్కో దాని అణుభారంలో ఆ మూలకం వంతు ఎంతో చూడాలి. ఆక్సిజన్ వంతు 16 లేదా దాని గుణిజమే వస్తుంది, 8 ఎక్కడా రాదు. కాబట్టి పరమాణు భారం 16.

1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూహేలో రసాయన శాస్త్రవేత్తలు మూడు రోజులు సమావేశమయ్యారు. కానిజారో గట్టిగా వాదించినా ఏ నిర్ణయమూ కాలేదు. చివర్లో ఆయన మిత్రుడు పవేసి ఆ పుస్తకం ప్రతులు పంచిపెట్టాడు. దాన్ని చదివి లోథార్ మేయర్ సందేహాలు వదిలాయి. కానిజారో మాటలు విన్నవారిలో మెండలీవ్ కూడా ఉన్నాడు. 1869 నాటి ఆవర్తన పట్టికకు ఆ సరిదిద్దిన భారాలే ఆధారం.

మోల్ అనే పేరు ఓస్ట్వాల్డ్ పెట్టింది. తమాషా ఏమిటంటే అప్పట్లో ఆయనకు పరమాణువుల మీదే నమ్మకం లేదు. 1971లో మోల్ అంతర్జాతీయ ప్రమాణాల్లో చేరింది. మన పుస్తకాల్లో 12 గ్రాముల కార్బన్-12తో చెప్పిన నిర్వచనం 2019 మే 20న మారింది. ఇప్పుడు మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు. లెక్క చేసే తీరు మాత్రం మారలేదు. మాస్టార్లు పాత నోట్సు పారేయనక్కర్లేదు, ఆ ఒక్క వాక్యం దిద్దుకుంటే చాలు.